మూడో అంతస్తు బాల్కనీలో సప్తగిరి: కేబుల్ లేకుండా ఊరి చానెళ్లు

మా నాయన కంటి ఆపరేషన్ కోసం మదనపల్లె నుంచి వచ్చి రెండు నెలలు మా దగ్గరే ఉన్నాడు. మేముండేది బెంగళూరు కగ్గదాసపురలో, నాలుగంతస్తుల బిల్డింగులో మూడో అంతస్తు, అద్దె ఇల్లు. కేబుల్ తీసేసి మూడేళ్లయింది. స్మార్ట్ టీవీ ఉంది, నెట్ ఉంది, నాకూ మా పాపకూ అదే ఎక్కువ. నాయనకు మాత్రం అది టీవీ కాదు. రిమోట్ పట్టుకుని "సప్తగిరి నంబరెంతమ్మా?" అనేవాడు. నంబరు లేదు నాయనా, యాప్ తెరిచి వెతకాలంటే, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి ఊరికే కూర్చునేవాడు. రెండో రోజుకే నాకు అర్థమైంది, ఈయనకు కావలసింది నంబరు నొక్కితే వచ్చే చానెల్ అని.

మళ్లీ కేబుల్ పెట్టించుకోవచ్చు కదా అంటారేమో. ఇదివరకు కేబుల్ ఉన్నప్పుడు చానెల్ డబ్బులు కాక, ఊరికే కనెక్షన్ ఉన్నందుకే 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే నెలకు 153 కట్టేదాన్ని నేను. డబ్బు కంటే విసుగు ఎక్కువ. వైరు తెగితే నాలుగు రోజులు ఫోన్లు చెయ్యాలి, అప్పుడు కూడా "నాళె బర్తీని మేడం", అంటే రేపొస్తానంటాడు. ఆ నాళె ఎప్పుడూ రాదు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను, మీకు డబ్బు మిగులుతుంది. అమెరికాలో ఉండే మా తమ్ముడు ఫోనులో, "అక్కా, టీవీ వెనక చిన్న యాంటెనా పెట్టు, లోకల్ చానెళ్లన్నీ ఫ్రీగా వస్తాయి" అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే "200 చానెళ్లు, హెచ్‌డీ" అని రాసిన పలచటి అట్ట లాంటిది దొరికింది. ఏడు వందలు పెట్టి కొన్నాను. కిటికీకి అంటించాను, గోడకు అంటించాను, పాప దాన్ని నెత్తిన పెట్టుకుని హాలంతా తిరిగింది. ఒక్క చానెల్ రాలేదు. తమ్ముడు చెప్పింది అబద్ధమేం కాదు, అది వాళ్ల దేశపు సంగతి. అక్కడ ప్రైవేటు చానెళ్లు కూడా టవర్ల నుంచి గాలిలో ప్రసారం చేస్తాయి. మన దేశంలో టవర్ నుంచి టీవీ ప్రసారం చేసే హక్కు దూరదర్శన్‌కు మాత్రమే ఉంది. 2016 ఫిబ్రవరిలో బెంగళూరు, చెన్నైతో కలిపి 16 నగరాల్లో దూరదర్శన్ డిజిటల్ టవర్ ప్రసారాలు మొదలుపెట్టిన మాట నిజమే. కానీ బెంగళూరు టవర్ నుంచి తెలుగు చానెల్ ఎందుకొస్తుంది? కాబట్టి మనలాంటి పక్క రాష్ట్రం వాళ్లకు యాంటెనా దారి కాదు. డిష్ పెట్టాల్సిందే.

ఆ డిష్ పేరు డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెల చందా లేదు, రీఛార్జ్ లేదు. డిష్, బాక్సు ఒకసారి కొంటే అంతే. దీంట్లో డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. ఒకప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన పాత సప్తగిరే, రాష్ట్రం విడిపోయాక యాదగిరి అయింది. 2014 సెప్టెంబరులో విజయవాడ నుంచి మొదలైనదానికి సప్తగిరి పేరు పెట్టారు. ఇది తెలియక నాయన మొదటి రోజు యాదగిరి పెట్టుకుని "అన్నీ తెలంగాణ వార్తలే చెబుతున్నారేంది" అన్నాడు. ఇక్కడి వార్తలకు కన్నడ చందన ఉంది. చెన్నైలో ఉన్నవాళ్లకు డీడీ తమిళ్, అంటే మొన్నటి పొదిగై, వస్తుంది. ఆకాశవాణి రేడియో చానెళ్లు కూడా ఉన్నాయి, వాటిలో తెలుగుది ఒకటి. కళ్లకు విశ్రాంతి కావలసిన మనిషికి అది బాగా పనికొచ్చింది.

ముందే చెప్పేస్తున్నా, ఈటీవీ, జెమిని, మా, జీ తెలుగు ఇందులో రావు. అవి డబ్బు కట్టే చానెళ్లు. సీరియల్ కోసమైతే ఇక్కడే ఆగిపోండి.

ఇక అసలు పని. డిష్ కొనకముందు ఆకాశం చూడండి. అపార్ట్‌మెంటులో మొత్తం వ్యవహారం ఇక్కడే తేలుతుంది, మిగతాదంతా స్క్రూలు బిగించడమే. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి. అది భూమధ్యరేఖ మీద 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. బెంగళూరులో నిలబడితే అది ఆగ్నేయంలో, ఉత్తరం నుంచి లెక్కపెడితే 128 డిగ్రీల దిక్కున, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెన్నైలో దిక్కు 134, ఎత్తు 68. ఫోనులో దిక్సూచి ఉంటుంది, అది చాలు. ఇనుప గ్రిల్ పక్కన మాత్రం చూడకండి, ముల్లు ఎటో తిరుగుతుంది. నాకు మొదటిసారి గ్రిల్ దగ్గర ఇరవై డిగ్రీలు తప్పు చూపించింది.

66 డిగ్రీలంటే చాలా నిటారు. దీనివల్ల ఒక మేలు, ఒక కీడు. మేలేమిటంటే ఎదురు బిల్డింగు పెద్దగా అడ్డురాదు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న బిల్డింగు మీ డిష్ కంటే నలభై ఐదు అడుగులు పైకి లేస్తేగాని అడ్డం కాదు. కీడేమిటంటే మీ నెత్తిమీదున్న పై ఇంటి బాల్కనీ స్లాబే అడ్డం. డిష్ నుంచి ఆ స్లాబు దాకా ఎత్తు కొలిచి, దాన్ని రెండుంపావుతో భాగించండి. స్లాబు అంచు నుంచి డిష్ అన్ని అడుగుల లోపే ఉండాలి. మా ఇంట్లో ఎత్తు ఆరున్నర అడుగులు వచ్చింది, అంటే అంచు నుంచి మూడడుగుల లోపు. ఆ దూరాన్ని ఆగ్నేయం వైపుగా కొలవాలి, గోడకు నిటారుగా కాదు. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లకూ దక్షిణపు బాల్కనీ ఉన్నవాళ్లకూ ఇక్కడే లెక్క తప్పుతుంది. బాల్కనీ వాయవ్యంలో ఉంటే లెక్కలు వద్దు, మేడ మీదకు పోవాల్సిందే.

లెక్కలు ఇష్టం లేనివాళ్లకు ఇంకో పద్ధతి ఉంది, కాకపోతే అది ఏడాదికి రెండుసార్లే కుదురుతుంది. మార్చి మధ్యలో, సెప్టెంబరు ఆఖర్లో, బెంగళూరులో పొద్దున పదకొండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం ఉన్న చోటికే వస్తాడు. ఆ వేళకు బాల్కనీలో ఎక్కడ ఎండ పడుతుందో అక్కడ డిష్ పెడితే సిగ్నల్ తగులుతుంది. ఆ రోజుల్లోనే ఆ వేళకు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది కూడా. సూర్యుడి రొద ఉపగ్రహం గొంతును మింగేస్తుంది. బాక్సు పాడైందని కంగారు పడకండి.

చెట్టు సంగతి కూడా చూడండి. పక్కింటి కొబ్బరిమట్ట ఎండాకాలంలో అడ్డం లేకపోయినా, తడిస్తే సిగ్నల్ తాగేస్తుంది.

కొనడానికి నేను ఎస్.పి. రోడ్డుకు వెళ్లాను. అరవై సెంటీమీటర్ల డిష్, దాని కాడ చివర బిగించి సిగ్నల్ పట్టే ముక్క ఎల్‌ఎన్‌బీ, కొత్త రకం ఎంపెగ్-4 బాక్సు, పదిహేను మీటర్ల ఆర్‌జీ-6 డిష్ వైరు, నాలుగు కనెక్టర్లు. అన్నీ కలిపి పంతొమ్మిది వందలు ఇచ్చాను. రెండు షాపుల్లో అడిగితే రెండు ధరలు చెప్పారు, మూడో షాపులో కొన్నాను. పాత ఎంపెగ్-2 బాక్సు తక్కువకు అంటగడతారు, దాంట్లో కొన్ని చానెళ్లు రావు. అసలు ఏ బాక్సైనా కొనేముందు మీ టీవీ వెనక చూడండి. మర బిగించే సాకెట్ ఉండి, మెనూలో శాటిలైట్ అని ఉంటే బాక్సే అక్కర్లేకపోవచ్చు. టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉండేలా భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణం తెచ్చింది. మాది అంతకుముందు కొన్నది, లేదు.

అద్దె ఇంట్లో గోడకు డ్రిల్లు పెడితే అడ్వాన్సులో కోత ఖాయం. నేను ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు బకెట్ తీసుకుని, మధ్యలో ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు నిలబెట్టి, సగానికి పైగా కాంక్రీటు పోయించాను. కింద ఇల్లు కడుతున్న మేస్త్రీ, "ఇందులో ఏం నాటుతారమ్మా?" అని నవ్వాడు. పైపు మాత్రం నిలువు మట్టంగా ఉండాలి. అది వంగితే తర్వాత చేసే కొలతలన్నీ వంకరే. మేడ మీద పెట్టాల్సి వస్తే అసోసియేషన్‌ను ముందే అడగండి, బకెట్ మీద మరో రెండు ఇటుకలు పెట్టండి. ఆషాఢం గాలి డిష్‌ను తెరచాపలా పట్టుకుంటుంది.

ఇక డిష్ తిప్పడం. బాక్సు మెనూలో ఉపగ్రహం జీశాట్-15 ఎంచుకోండి. పాత బాక్సుల్లో ఇన్శాట్-4బి అని ఉంటుంది, ఒకప్పుడు అదీ 93.5 చోటే ఉండేది. ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600. ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. స్ట్రెంగ్త్‌ను నమ్మకండి. డిష్‌ను గోడవైపు తిప్పినా అది సగానికి పైనే చూపిస్తుంది, వైరు బాగుందని మాత్రమే దాని అర్థం. కదలాల్సింది క్వాలిటీ.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, డిష్ ముఖాన్ని 66 డిగ్రీలు పైకి ఎత్తడం. ఈ డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. కాడ కింద నుంచి వస్తుంది కాబట్టి ముఖం ఇరవై, ఇరవై ఐదు డిగ్రీలు తక్కువే ఎత్తినట్టు కనిపించాలి, అంటే చూపుకు నలభై రెండు, నలభై ఐదు. బ్రాకెట్ మీద అచ్చు కొలతలుంటే అందులో ఈ తేడా కలిపే ఉంటుంది, అక్కడ 66 దగ్గరే పెట్టండి. ఎల్‌ఎన్‌బీని కూడా నిలువుగా వదిలేయకూడదు. బెంగళూరులో దాదాపు యాభై డిగ్రీలు పక్కకు తిరగాలి, చెన్నైలో నలభై ఐదు. ఎటు తిప్పాలో క్వాలిటీ గీతే చెబుతుంది.

పక్కింటి డిష్ చూసి అటే పెట్టడం కూడా మోసం. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల దగ్గర ఉంది, ఎయిర్‌టెల్‌ది 108 దగ్గర. అయితే మీ బిల్డింగు మీద ఎవరో వదిలేసిపోయిన డిష్ టీవీ డిష్ ఉంటే అదృష్టమే. అది 95 వైపు ఉంటుంది. అనుమతి అడిగి, ఎంత తిప్పామో తెలియనంతగా దక్షిణం వైపు జరిపితే చాలు.

తిప్పేటప్పుడు బాల్కనీలో నేను, హాల్లో టీవీ ముందు నాయన. ఒకప్పుడు మా ఇంటి మిద్దె మీద అల్యూమినియం యాంటెనా తిప్పింది ఆయనే, కింద నుంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచింది నేను. ఈసారి తారుమారు. "సున్నా... సున్నా... పన్నెండమ్మా, ఆగు!" వేలి మందం జరిపి రెండు మూడు సెకన్లు ఆగాలి, బాక్సు గ్రహించడానికి అంత టైం పడుతుంది. నేను ఆగకుండా తిప్పి రెండుసార్లు దాటిపోయాను. నలభై నిమిషాలకు 71 వచ్చింది. నట్లు బిగించేటప్పుడు 60కి పడింది, కాస్త వదులు చేసి మళ్లీ సరిచేశాను. బిగించాక ఎంత ఉందో అదే లెక్క. ఆ తర్వాత ఆటో స్కాన్. బయట కనెక్టర్ దగ్గర వైరును కిందికి ఒక చుట్టు వదిలి పైకి తేవాలి, వాననీళ్లు లోపలికి పోకుండా.

గట్టి వానకు పది, పదిహేను నిమిషాలు బొమ్మ పోతుంది. ఆ టైంలో డిష్‌ను ముట్టుకోకండి. మా కింది ఇంటాయన తనదాన్ని వానలో సరిచేయబోయి, వాన వెలిశాక నన్ను పిలిచాడు. దూరదర్శన్ అప్పుడప్పుడు చానెళ్లను అటూ ఇటూ మారుస్తుంది, అలాంటప్పుడు మళ్లీ స్కాన్ చేస్తే నంబర్లు మారిపోతాయి. నాయనకు కావలసినవి ఫేవరెట్‌లో పెట్టి, నంబర్లు అట్టముక్క మీద లావుగా రాసి టీవీకి అంటించాను.

ఆకాశం అందని ఇళ్లకు ఇంటర్నెట్టే గతి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ తెచ్చింది, దూరదర్శన్ చానెళ్లు అందులో లైవ్‌గా చూడొచ్చు. టీవీ9, ఎన్‌టీవీ, ఏబీఎన్, టీవీ5 లాంటి తెలుగు వార్తా చానెళ్లు యూట్యూబ్‌లో రోజంతా లైవ్ ఇస్తాయి. మాకు ఇప్పటికీ అవే.

నాయన ఊరికి పోతూ బాక్సు, డిష్ రెండూ తీసుకెళ్లాడు. బకెట్ మాత్రం బస్సెక్కలేదు, దాని పైపుకు ఇప్పుడు మనీప్లాంట్ పాకుతోంది. మదనపల్లెలో ఎత్తు అదే 66, దిక్కు మాత్రం 131. చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టాను.