వానలు ముదరకముందే లీటరు సీసా ఒకటి పక్కన పెట్టుకోండి

ఆషాఢం వచ్చిందంటే ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి, రాయగడల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ రథయాత్ర హడావుడిలో పడతాయి. చుట్టాలు దిగుతారు, పిల్లలు తీర్థంలో కనిపించిందల్లా కొనిపించుకు తింటారు. సరిగ్గా అప్పుడే వంశధారకి, నాగావళికి ఎర్రనీరు వస్తుంది. నూతుల్లోకి వాననీరు దిగుతుంది, బోరింగు చుట్టూ బురద. ఆ తరవాత వీధిలో ఎవరో ఒకరికి మోషన్సు, వాంతులు మొదలవుతాయి. ఆస్పత్రిలో ఒడియాలో వాటినే ఝాడా-బాంతి అంటారు. రాయగడ జిల్లా కాశీపూర్ వైపు 2007లో ఒకసారి, 2022 జూలైలో మరోసారి కలరా వచ్చి మనుషులు పోయారు.

నీళ్ళు మరగబెట్టి తాగండి, అన్నం ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, కోసిపెట్టిన పళ్ళు కొనకండి. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఓఆర్‌ఎస్ ప్యాకెట్ (విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) గురించి, ఎందుకంటే దాన్ని తప్పుగా కలిపింది మా ఇంట్లోనే. కణం పొర బొమ్మ ఏటా బోర్డు మీద వేసే బయాలజీ మాస్టారి ఇంట్లో!

మా వాడికి అప్పుడు మూడేళ్ళు. నేను బడికి వెళ్ళిపోయాను. మా అత్తగారు లీటరు ప్యాకెట్టు మొత్తం ఒక గ్లాసు నీళ్ళలో కలిపేసి చెంచాతో తాగించారు. మధ్యాహ్నానికి విరేచనాలు ఎక్కువయ్యాయి, పిల్లాడు ఒకటే దాహం, ఒకటే ఏడుపు. డాక్టరుగారు మొదట అడిగిన మాట, "ఎన్ని నీళ్ళలో కలిపారు?" ఇంటికొచ్చాక అత్తగారు నన్నే నిలదీశారు: "లీటరు నీళ్ళు పోస్తే మందు పలచబడిపోదేటి బాబూ?"

ఆవిడ ప్రశ్నకి జవాబు వంటింట్లోనే ఉంది. కాకరకాయ చక్రాలు తరిగి ఉప్పు రాసి పక్కన పెట్టండి. పావుగంటకి గిన్నె అడుగున నీళ్ళు ఊరతాయి, ముక్కలు మెత్తబడి వాలిపోతాయి. ఆ నీళ్ళు ముక్కలోవే. ముక్కలోని ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుంది. నీరు దాన్ని తేలిగ్గా దాటుతుంది, ఉప్పు దాటలేదు. అందుకని నీరే బయటున్న చిక్కటి ఉప్పు వైపు వచ్చేస్తుంది. అదే ఎండుద్రాక్షని మంచినీళ్ళలో వేస్తే నీరు లోపలికి పోయి ఉబ్బుతుంది.

మన పేగు లోపలి గోడ కూడా కణాల వరసే. రక్తం చిక్కదనాన్ని, అంటే అందులో కరిగి ఉన్న ఉప్పులూ పంచదారల లెక్కని కొలిస్తే లీటరుకి దగ్గర దగ్గర 290 మిల్లీఆస్మోల్స్ (ఆ లెక్క కొలమానం) వస్తుంది. సరిగ్గా కలిపిన ఓఆర్‌ఎస్ 245. రక్తం కంటే కాస్త పలచన, కాబట్టి నీరు లోపలికే నడుస్తుంది. అదే ప్యాకెట్టు 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే 1,225 అవుతుంది. ఇక పేగు పని కాకరకాయ ముక్క పనే: ఒంట్లో మిగిలిన నీళ్ళు కూడా పేగులోకి వచ్చేస్తాయి. అసలు పాత ఫార్ములా 311 ఉండేది. ఆ కాస్త తేడా కూడా వద్దని 2002లో డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 245కి తగ్గించింది.

మరి ఉప్పు, పంచదార రెండూ ఎందుకు? పంచదార బలానికి అనుకుంటారు చాలామంది. కాదు, అది ఉప్పుకి తోడు. కణం పొర కొవ్వుది, ఉప్పులోని సోడియం దాన్ని తనంతట తాను దాటలేదు, ప్రోటీన్‌తో చేసిన తలుపు కావాలి. పేగులో ఒక తలుపుంది, జంట వస్తేనే లోపలికి పంపుతుంది: రెండు సోడియంలు, ఒక గ్లూకోజు. ఆ జంట వెనకాలే నీళ్ళు పోతాయి. కణానికి అవతలి వైపు ఒక పంపు ఉంటుంది. అది మూడు సోడియంలను రక్తం వైపు తోసేసి రెండు పొటాషియంలను లోపలికి లాగుతూ, తలుపు దగ్గర ఎప్పుడూ చోటు ఖాళీ చేస్తుంటుంది. ఈ జంట తలుపు సంగతి రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో చెప్పాడు.

కలరా విషం చేసేది వేరే పని. పేగు కణాల్లో క్లోరైడ్ బయటికి పోయే దారిని బార్లా తెరిచి వదిలేస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీళ్ళు. ముదిరితే పెద్దవాళ్ళకి గంటకి లీటరు దాకా పోవచ్చు. కానీ జంట తలుపు జోలికి ఆ విషం పోదు. ఎంత విరేచనం అవుతున్నా ఆ దారిలో నీళ్ళు ఎక్కించుకోవచ్చు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు నిండిపోయిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సింది. సరిగ్గా లీటరు పట్టే సీసా ఒకటి విడిగా ఉంచండి. ప్యాకెట్ల మీద తెలుగు ఉండదు, పెద్దవాళ్ళు చదువుకోలేరు, అందుకని సీసా మీద నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపి పెట్టకండి. తేదీ దాటినవీ, గడ్డకట్టినవీ పారేయండి. ఆశా దీదీ దగ్గర ఓఆర్‌ఎస్, జింక్ బిళ్ళలు అడగండి. కాచి చల్లార్చిన నీళ్ళలో ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. రుచి కోసం ఇంకో చెంచా పంచదార వేయకూడదు, కలిపాక మళ్ళీ కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్టు దొరకని రాత్రి లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుతో సమానంగా. గుప్పెడు, చిటికెడు లెక్కలు వద్దు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లల మెదడు కణాల్లోంచి నీరు లాగేస్తుంది, అది మోషన్సు కంటే ప్రమాదం. వట్టి మంచినీళ్ళే బిందెలకొద్దీ తాగించినా ఉప్పు పలచబడి కణాలు ఉబ్బుతాయి. ఉప్పేసిన గంజి నీళ్ళు మంచివే, అందులో పిండి మెల్లగా గ్లూకోజుగా మారుతుంది. కూల్‌డ్రింకులు, తియ్యటి డబ్బా జ్యూసులు మాత్రం కాకరకాయ కథే. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార పదార్థాల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పింది. అయినా షాపులో ఏది ఇచ్చారో చూసి తీసుకోండి.

రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ళ లోపు వాళ్ళకి 100 నుంచి 200. పెద్దవాళ్ళు తాగగలిగినంత తాగొచ్చు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. విరేచనాలు కట్టే బిళ్ళలు పిల్లలకి మీ అంతట మీరు వేయొద్దు. జింక్ ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆ లోపు వాళ్ళకి 10. విరేచనాలు ఆగిపోయినా పది నుంచి పధ్నాలుగు రోజులు వేయాలి.

కళ్ళు లోతుకు పోయినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకున్నా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా, మూత్రం ఆగిపోయినా ఇంట్లో కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. దారిలో తాగించడం మానొద్దు. ఆస్పత్రిలో రెండు సంగతులు చెప్పండి: ఎన్నిసార్లు అయింది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది. పాలకొండ నుంచో బొబ్బిలి నుంచో కొత్తగా కాపురానికొచ్చి ఒడియా రాని కోడళ్ళు ఈ ఒక్క మాట సీసా మీదే రాసి పెట్టుకోండి: "పరిస్రా హేఉని". మూత్రం రావట్లేదని.