శీతాకాలంలో వారం రోజులు ఇద్దరే: అరకు కొండల నుంచి కళింగపట్నం దాకా మూడు మంచాల లెక్క

పెళ్ళైన మొదటి డిసెంబర్లో మేమిద్దరం వారం తిరిగొద్దామని బయల్దేరి ఆరు రాత్రులూ ఆరు చోట్ల పడుకున్నాం. పొద్దున్నే లేవడం, బ్యాగులు సర్దడం, రూమ్ ఖాళీ చెయ్యడం, బస్టాండు, మళ్ళీ రూమ్ వెతుక్కోవడం, వారమంతా ఇదే పని. ఐదో రోజుకి ఇద్దరికీ మాటల్లేవు, ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే ఏ కొండ ఎక్కడిదో కూడా చెప్పలేకపోయాం. మా అత్తగారిది నరసన్నపేట వైపు, ఆవిడ ఒకటే మాట అంది, "ఏటమ్మా, సంచులు మొయ్యడానికెల్లినారా, సూడ్డానికెల్లినారా?" అని.

ఆ మాట నాకు బాగా పట్టేసింది. అప్పట్నించీ ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, వారం ట్రిప్‌కి మూడు మంచాలు చాలు. అరకులో రెండు రాత్రులు, విజయనగరంలో రెండు, శ్రీకాకుళంలో రెండు. మధ్యలో ఎక్కడ తిరిగినా రాత్రికి మళ్ళీ అదే మంచం మీదకి రావాలి. బ్యాగు సర్దేది వారం మొత్తంలో మూడే సార్లు.

కొండ ముందు, సముద్రం చివర పెట్టుకోండి. కొండ మీద చలికి లేవాలి, మెట్లెక్కాలి, ఘాట్ రోడ్డులో కడుపు తిప్పుతుంది, అవన్నీ కాళ్ళల్లో ఓపిక ఉన్న మొదటి రోజుల్లోనే అయిపోవాలి, సముద్రం దగ్గరైతే అలిసిపోయినా ఊరికే కూర్చోవచ్చు. ఇంకో కారణం నాకు చాలా ఇష్టమైనది. గోస్తనీ నది బొర్రా గుహల దగ్గర పుట్టి, కిందకి దిగి తాటిపూడి రిజర్వాయర్లో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ వరసలో వెళ్తే మొదటి నాలుగు రోజులూ మనం ఆ నది వెంటే నడుస్తాం, పుట్టిన చోటు సోమవారం, సముద్రంలో కలిసే చోటు గురువారం.

అవును, సోమవారమే బయల్దేరండి. శని ఆదివారాలు అరకులో జనం, రూమ్ రేట్లు రెండూ ఎక్కువే, శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లి సూర్యదేవాలయంలో ఆదివారం దర్శనం క్యూ సంగతి మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. సోమవారం మొదలెడితే ఈ రెండూ తప్పుతాయి. నెల అంటే డిసెంబర్ మొదటి మూడు వారాలు, కాదంటే జనవరి మొదటి వారం దాటాక సంక్రాంతి లోపు. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా అరకు వద్దు, పండగ రోజుల్లో బస్సుల్లో రైళ్ళల్లో నిలబడ్డానికి కూడా చోటుండదు, రథసప్తమికి శ్రీకాకుళంలో రూమ్ దొరకడం కష్టం. డిసెంబర్లో వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు తుఫాను హెచ్చరికలు ఒకసారి చూస్కోండి, బంగాళాఖాతానికి అది ఇంకా తుఫాన్ల కాలమే.

సోమవారం రైల్లోనే కొండెక్కండి, కారున్నా సరే. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా వెళ్తుంది, కాబట్టి విజయనగరం వాళ్ళు విశాఖ దాకా వెళ్ళక్కర్లేదు, ఎస్.కోటకి బస్సులో వెళ్ళి అక్కడ ఎక్కేయొచ్చు. అద్దాల విస్టాడోమ్ కోచ్ కావాలంటే మాత్రం విశాఖలోనే ఎక్కడం మేలు, టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే చేస్కోండి. బొడ్డవర దాటాక సొరంగాలు మొదలవుతాయి, ఒకటి దాటి వెలుగులోకి వచ్చేసరికి కింద లోయ, వెంటనే ఇంకో సొరంగం. ఈ రైలు శిమిలిగూడ స్టేషన్ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. కానీ మీరు దానికంటే ముందే బొర్రా గుహలు స్టేషన్లో దిగిపోండి.

గుహ చూడ్డానికి రెండు గంటలు పెట్టుకోండి, తొందరపడితే ఏమీ కనపడదు. పైనుంచి కారిన నీళ్ళలో సున్నం పేరుకుని ఈ ఆకారాలన్నీ అయ్యాయి, రంగు లైట్లు వేశారు గానీ ఒక్క నిమిషం లైటు లేని మూల నిలబడి నీటి చుక్కల చప్పుడు వినండి, అదే అసలు గుహ. మనం వచ్చిన రైలు పట్టాలు గుహ పైనుంచే పోతాయి, ఇది తెలిసి చూస్తే ఇంకోలా ఉంటుంది. మెట్లు తడిగా ఉంటాయి, జారని చెప్పులు వేస్కోండి, బయట కోతులుంటాయి, చేతిలో తినేవి పెట్టుకుని నడవద్దు.

బొర్రా నుంచి అరకు 35 కిలోమీటర్ల పైనే, జీపులు, ఆటోలు దొరుకుతాయి, రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి. దారిలో అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్ వస్తాయి. కాఫీ పళ్ళు కోసేది ఈ చలికాలంలోనే, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎర్రగా గుత్తులు గుత్తులుగా ఉంటాయి, చెట్టు చుట్టూ మిరియాల తీగ. అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు, వచ్చింది. పొడి కొంటే ఫిల్టర్‌కి పనికొచ్చేలా ఆడించమని చెప్పండి, మేము ఒకసారి చెప్పకుండా తెచ్చి గింజలు మిక్సీలో వేసి పాడుచేశాం.

మంగళవారం పొద్దున్న ఐదున్నరకి లేవండి, దుప్పట్లోంచి బయటికి రావడం కష్టమే. బయట మంచు, ఎదురుగా పది అడుగుల్లో ఏముందో తెలీదు, రోడ్డు పక్కన చలిమంట, స్టీలు గ్లాసులో టీ. ఎండ వచ్చాక వలిసె పూల పొలాలకి వెళ్ళండి, నవంబర్ చివర నుంచి డిసెంబర్ సగం దాకా పసుపు పచ్చగా విరగబూసి ఉంటాయి. అవి నూనెగింజల పంట, ఒక కుటుంబం తిండి. గట్టు మీదే నిలబడి ఫోటో తీస్కోండి, లోపలికి వెళ్ళాలంటే రైతుని అడిగి వాళ్ళు చెప్పిన డబ్బులిచ్చి వెళ్ళండి. తర్వాత గిరిజన మ్యూజియం, మధ్యాహ్నం బొంగులో చికెన్ తిని చాపరాయి వాగు నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చోండి. వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలని అందరికీ ఉంటుంది కానీ దానికి ముందు రాత్రి పాడేరులో పడుకుని చీకట్లో లేవాలి, అంటే ఇంకో మంచం, కాబట్టి ఈ ట్రిప్‌లో వద్దు, దానికోసం విడిగా ఒక శనివారం పెట్టుకోండి.

అరకు రూమ్ బుక్ చేసేటప్పుడు ఒక్కటి అడగండి, గీజర్ పని చేస్తుందా, రెండో దుప్పటి ఇస్తారా అని. మాకొక లాడ్జిలో రాత్రి పదకొండుకి "నీళ్ళు వేడెక్కవండి" అని చెప్పారు, ఆ చలిలో మా ఆయన స్వెట్టర్ మీద స్వెట్టర్ వేస్కుని కూర్చునే ఉన్నాడు. మంకీ క్యాప్, సాక్సులు, ఇద్దరి ఆధార్, కొంచెం నగదు తప్పనిసరి, ఘాట్లో సిగ్నల్ పోతే ఫోన్ పే పని చెయ్యదు.

బుధవారం టిఫిన్ చేసి దిగిపోండి. ఘాట్ రోడ్డు పగలే దిగాలి, డిసెంబర్లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది, పైగా పొగమంచు. కడుపు తిప్పేవాళ్ళు పూరీలు తినకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, నోట్లో ఎండు ఉసిరికాయ ముక్క పెట్టుకోండి, మా అమ్మ వైద్యం, నాకు ప్రతిసారీ పని చేసింది. ఎస్.కోట దాటాక తాటిపూడి దగ్గర ఆగండి. సోమవారం గుహలో చూసిన గోస్తనీ ఇక్కడ కొండల మధ్య నిండుగా నిలబడి ఉంటుంది, విశాఖ తాగే నీళ్ళల్లో ఇవీ ఉన్నాయి.

సాయంత్రానికి విజయనగరం. ఇది నా పుట్టిల్లు, కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. బండి వద్దు, నడవండి. కోట 1713లో కట్టడం మొదలుపెట్టారు, కోట దగ్గర్నుంచి గంటస్తంభం, మూడు లాంతర్లు అన్నీ నడిచేంత దూరమే. మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి, రైల్వే స్టేషన్ దగ్గర వనంగుడి, రెండూ పైడితల్లి అమ్మవారివే. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు పోయిన వార్త విని పైడిమాంబ ప్రాణం విడిచిందని, పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందని మా నాయనమ్మ చెప్పేది, ఆ కథ తెలుసుకుని వెళ్తే గుడిలో నిలబడే తీరే మారిపోతుంది. గురజాడ ఉన్న ఇల్లు తప్పకుండా చూడండి, ఆయన వాడిన వస్తువులున్నాయి. తర్వాత సంగీత కళాశాల. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఘంటసాల, సుశీల ఇద్దరూ అక్కడ చదువుకున్నవాళ్ళే. క్లాసులు జరిగేటప్పుడు గేటు బయట పది నిమిషాలు నిలబడితే చాలు, నేను చిన్నప్పుడు స్కూల్ నుంచి వస్తూ అలాగే నిలబడేదాన్ని.

గురువారం పొద్దున్నే భీమిలి. గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకి వెళ్ళి చూడండి, ఆ నది అయిపోయింది అనిపించి నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. డచ్ వాళ్ళ పాత సమాధులు చూసుకుని బీచ్ రోడ్డు పట్టుకుంటే తొట్లకొండ బౌద్ధారామం, ఆ తర్వాత విశాఖ. విశాఖలో ఒక్కటే పెట్టుకోండి, ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, లోపల ఆ ఇరుకులో నావికులు నెలల తరబడి ఎలా ఉన్నారో చూస్తే మన రూమ్ మీద కంప్లైంట్లు ఆగిపోతాయి. రాత్రికి విజయనగరం వచ్చేయండి.

శుక్రవారం శ్రీకాకుళం వెళ్తూ పొందూరులో దిగండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి చేత్తో నూలు తీసే ఊరు అది. పంచె కొనాలనుకుంటే ముందు ఆ పని చేసే ఆడవాళ్ళ దగ్గర అరగంట కూర్చుని చూడండి, అప్పుడు బేరమాడ్డానికి నోరు రాదు. సాయంత్రం అరసవల్లి.

శనివారానికి రోజంతా ఒక ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోండి. ఐదింటికి బయల్దేరితే సూర్యుడొచ్చేలోపు కళింగపట్నంలో ఉంటారు. లైట్‌హౌస్, ఇసుక, వలలు దులుపుకుంటున్న పడవల వాళ్ళు, ఎర్రగా నీళ్ళల్లోంచి లేచే సూర్యుడు, ఇంకేం ప్లాన్ వద్దు, రెండు గంటలు కూర్చోండి. నీళ్ళల్లోకి మాత్రం పాదాలు తడిసేంతే. మా ఆయన మోకాలి లోతులో నిలబడితే కాళ్ళ కింద ఇసుక లాగేసి పడిపోయాడు, ఒడ్డున చేపలు ఏరుతున్నామె "మొగ దగ్గరకి ఎల్లకండి బాబూ" అని కేకేసింది. వంశధార సముద్రంలో కలిసే చోటది, పైకి ప్రశాంతంగా కనిపించినా లోపల లాగుతుంది. ఎండెక్కాక శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, అక్కడ్నించి వంశధార కనిపిస్తుంది. తర్వాత శ్రీకూర్మం గుడి, అక్కడ స్వామి పడమర ముఖంగా ఉంటాడు కాబట్టి ధ్వజస్తంభాలు రెండు, ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. మధ్యాహ్నం రూమ్‌కొచ్చి పడుకోండి. దారిలో తేగలు కనపడితే ఒక కట్ట కొనుక్కోండి, ఇదే కాలం.

ఇంకో మాట, బయల్దేరకముందే ఇద్దరూ చెరొకటి చెప్పుకోండి, ఇది చూడకుండా ఇంటికి రాను అనేది. నాది సంగీత కళాశాల, ఆయనది కళింగపట్నం సూర్యోదయం. ఆ రెండూ తప్ప ఏది వదిలేసినా గొడవ పడకూడదు, అలిసిపోయినవాళ్ళు ఎవరైనా సరే "ఇవాళ్టికి చాలు" అంటే రెండో మనిషి ఒప్పుకోవాలి.

ఆదివారం ఆఖరు. పొద్దున్నే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు దూరాల నుంచి వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి, అవి వస్తే ఊరికి మంచిదని జనం నమ్ముతారు, రాళ్ళేసేవాళ్ళుండరు. మీరూ గట్టిగా మాట్లాడొద్దు, ముదురు రంగు బట్టలు వేస్కుని నెమ్మదిగా నడవండి. పదకొండు దాటాక టెక్కలిలో భోంచేసి వెనక్కి బయల్దేరండి. రైలుకి వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, శ్రీకాకుళం టౌన్లో స్టేషన్ లేదు, శ్రీకాకుళం రోడ్ అంటే ఆముదాలవలస, టౌన్ నుంచి 13 కిలోమీటర్లు, ఆదివారం సాయంత్రం ఆటో దొరకడానికే పావుగంట పడుతుంది, గంటన్నర ముందే రూమ్ దగ్గర్నుంచి కదలండి.