ఆఫీసు ఇంటర్నెట్ ఫోన్లకు రూటర్‌లో పోర్టులు ఎలా తెరవాలి?

మీకు మిర్యాలగూడలో రైస్ మిల్లు, నల్గొండలో దుకాణం ఉన్నాయనుకుందాం. మిల్లు ఆఫీసులో ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ లాంటి ఐపీ పీబీఎక్స్, అంటే ఇంటర్నెట్ ఫోన్లను కలిపే సొంత ఎక్స్ఛేంజి, పెట్టారు. కాంటా దగ్గరి ఫోను, గోదాంలో ఫోను బాగానే పనిచేస్తున్నాయి. నల్గొండ ఫోను మాత్రం రింగవుతుంది, ఎత్తితే మాట వినపడదు. అందరూ నెట్ స్లో అంటారు గానీ, చాలాసార్లు తప్పు మిల్లు రూటర్‌లోనే ఉంటుంది.

రింగు, మాట ఒకే దారిన రావు. కాల్ కలపడం సిప్ అనే పద్ధతి పని, అది మామూలుగా యూడీపీ (డేటా పంపే ఒక తీరు) 5060 పోర్టులో, అంటే ఆ నంబరున్న తలుపులో, నడుస్తుంది. మాటేమో ఆర్‌టీపీ పేరుతో వేరే పోర్టుల్లో వస్తుంది. 5060 ఒక్కటే తెరిస్తే ఫోను మోగుతుంది, అంతే.

అసలు ఇది మీకు అవసరమా అన్నది ముందు చూసుకోండి. సొంత పీబీఎక్స్ లేకుండా, ఫోన్లు నేరుగా సర్వీసు కంపెనీ సర్వర్‌కు రిజిస్టరయ్యేటట్లైతే సాధారణంగా ఏ పోర్టూ తెరవక్కర్లేదు. నల్గొండ దుకాణం రూటర్‌లోనూ అంతే. తెరవాల్సింది పీబీఎక్స్ ఉన్న చోట.

మొదట రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే రూటర్‌కు బయటి నెట్ వైపున్న అడ్రసు, చూడండి. గూగుల్‌లో వెతికితే కనిపించే మీ ఐపీ, ఇదీ ఒకటే కావాలి. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ సీజీ నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. అప్పుడు మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. నెట్ ఇచ్చేవాళ్లను స్టాటిక్ పబ్లిక్ ఐపీ, అంటే మారని సొంత ఐపీ, అడగండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐపీ మారే తలనొప్పి కూడా దాంతోనే పోతుంది.

తర్వాత రూటర్‌లో, పరికరాలకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పేజీలో పీబీఎక్స్‌కు 192.168.1.50 లాంటి అడ్రసు ఒకటి ఖాయం చేయండి. ఇక పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. కొన్ని రూటర్లలో దాని పేరు వర్చువల్ సర్వర్. అక్కడ యూడీపీ 5060ని, ఆర్‌టీపీ పోర్టులను ఆ అడ్రసుకు పంపండి. ఆస్టరిస్క్‌లో ఆర్‌టీపీకి సాధారణంగా 10000 నుంచి 20000 వరకు పెడతారు. నాలుగైదు ఫోన్లకు అన్ని దేనికి? పీబీఎక్స్‌లోనే 10000–10100కు తగ్గించి, రూటర్‌లోనూ అవే పెట్టండి. రెండుచోట్లా అంకెలు ఒకటే ఉండాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పీబీఎక్స్ సెట్టింగుల్లో ఎక్స్‌టర్నల్ అడ్రస్ దగ్గర మీ పబ్లిక్ ఐపీ, లోకల్ నెట్‌వర్క్ దగ్గర 192.168.1.0/24 (192.168.1తో మొదలయ్యే ఆఫీసు అడ్రసులన్నీ అని) రాయాలి. లేకపోతే పీబీఎక్స్ తన అడ్రసు 192.168.1.50 అని నల్గొండ ఫోనుకు చెబుతుంది, ఆ ఫోను మాటను తన దుకాణంలోని నెట్‌వర్క్‌లోనే ఎక్కడికో పంపుతుంది. రెండు రూటర్లలోనూ సిప్ ఏఎల్‌జీ అనే, సిప్ కబుర్లలో వేలుపెట్టే సెట్టింగును ఆఫ్ చేయండి. సాయం చేస్తానని వచ్చి అడ్రసులు తారుమారు చేయడమే దాని పని.

5060 లోకమంతటికీ తెరిచిపెట్టకండి. ఇలాంటి పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో బాట్లు రాత్రీ పగలూ వెతుకుతూనే ఉంటాయి. 101 ఎక్స్‌టెన్షన్‌కు (లోపలి ఫోను నంబరుకు) 101 పాస్‌వర్డ్ ఉంటే దొరికిపోయినట్టే, మీ లైన్ మీద ఎవరో విదేశాలకు మాట్లాడతారు, బిల్లు మీకొస్తుంది. ఫైర్‌వాల్ రూల్‌లో సోర్స్ ఐపీ దగ్గర నల్గొండ దుకాణం పబ్లిక్ ఐపీ, బయటి లైన్ ఇచ్చే కంపెనీ ఐపీలు మాత్రమే రాయండి. సెల్‌ఫోన్‌లోని యాప్‌తో తిరుగుతూ మాట్లాడేవాళ్లకు వీపీఎన్, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి, ఇవ్వండి. పోర్టులన్నీ ఒకేసారి తెరిచేసే డీఎంజెడ్ జోలికి మాత్రం పోవద్దు.

చివరికి నల్గొండ నుంచే కాల్ చేసి చూడండి, మిల్లు వైఫైలో చేస్తే ఏమీ తేలదు. రెండువైపులా మాట వినిపించినా నిమిషం దాకా లైన్‌లోనే ఉండండి. కాల్ 32 సెకన్ల దగ్గర తెగుతుంటే, ఎత్తానన్న కబురుకు బదులు పీబీఎక్స్‌కు చేరడం లేదని అర్థం. అలాంటప్పుడు ఎక్స్‌టర్నల్ అడ్రస్, ఏఎల్‌జీ మళ్లీ ఒకసారి చూడండి.