నూనె నిల్వచేసే సూక్ష్మజీవుల్లో మాలిక్ ఎంజైమ్ పాత్రను పరీక్షించే పద్ధతి

పొడి బరువులో 20 శాతానికి మించి కొవ్వును నిల్వచేసుకోగల ఈస్టులకు, బూజులకు ఆ కొవ్వును నిర్మించడానికి ఎసిటైల్ కోఎ అనే రెండు కార్బన్ల ముడిసరుకుతో పాటు, నిర్మాణానికి ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ కూడా కావాలి. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లపు అణువు ఒక్కదానికే 14 ఎన్ఏడీపీహెచ్ అణువులు ఖర్చవుతాయి. మాలేట్‌ను పైరువేట్‌గా మారుస్తూ మాలిక్ ఎంజైమ్ ఎన్ఏడీపీ నుంచి ఈ ఎన్ఏడీపీహెచ్‌ను సమకూరుస్తుంది. అయితే ప్రతి జీవిలోనూ ఈ భారం దీనిదే అనుకోవడం తొందరపాటు. యారోవియా లిపోలిటికా అనే ఈస్టులో ప్రధాన సరఫరా గ్లూకోజ్‌ను విడగొట్టే మరో దారి అయిన పెంటోస్ ఫాస్ఫేట్ మార్గం నుంచి వస్తుంది. అందుకే జన్యువు జోలికి వెళ్లకముందే మీ దగ్గరున్న స్ట్రెయిన్‌ను పరీక్షించడం మంచిది.

గ్లూకోజ్ పుష్కలంగా, అమ్మోనియం పరిమితంగా ఉన్న మాధ్యమంలో కణాలను పెంచండి. నైట్రోజన్ అయిపోయాక సిట్రేట్ మైటోకాండ్రియా నుంచి బయటికి వచ్చి ఎసిటైల్ కోఎగా, ఆక్సలోఎసిటేట్‌గా విడిపోతుంది. ఆ ఆక్సలోఎసిటేటే మాలేట్‌గా మారి మన ఎంజైమ్‌కు అందుతుంది. కాబట్టి అమ్మోనియం తరిగిపోవడానికి ముందు, ఆ తర్వాత కొన్ని గంటల వ్యవధితో పలుమార్లు నమూనాలు తీసి, ప్రతిదానిలో కొవ్వు శాతాన్నీ ఎంజైమ్ చురుకుదనాన్నీ పక్కపక్కనే నమోదు చేయాలి. ఒకే ఒక్క నమూనాతో తీర్పు చెప్పవద్దు.

కణాలను మంచులో ఉంచే పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేలిన స్వచ్ఛమైన సారాన్ని వాడండి. తటస్థ పీహెచ్ దగ్గరి బఫర్‌లో మెగ్నీషియం లేదా మాంగనీస్, ఎన్ఏడీపీ, సారం కలిపి, మాలేట్ లేకుండా ఎన్ఏడీపీహెచ్ కాంతిని శోషించే 340 నానోమీటర్ల వద్ద శోషణను కాసేపు చూసి, ఆ తర్వాతే మాలేట్ చేర్చండి. మాలిక్ ఆమ్లాన్ని ముందుగా క్షారంతో తటస్థం చేయకపోతే క్యూవెట్‌లో (శోషణ కొలిచే చిన్న పాత్రలో) పీహెచ్ పడిపోయి చురుకుదనం ఉన్నా కనబడదు. శ్రద్ధగా పనిచేసేవారికి కూడా ఇక్కడ పొరపాటు దొర్లుతుంది.

లెక్క ఇలా సాగుతుంది. 1 సెంటీమీటరు క్యూవెట్‌లో 1 మిల్లీలీటరు మిశ్రమానికి శోషణ నిమిషానికి 0.0622 పెరిగితే, మిల్లీమోలార్ గుణకం 6.22 కనుక నిమిషానికి 10 నానోమోల్ ఎన్ఏడీపీహెచ్ ఏర్పడినట్టు. సారంలో 0.2 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటే అది నిమిషానికి మిల్లీగ్రాము ప్రోటీన్‌కు 50 నానోమోల్ అవుతుంది. మాలేట్ చేర్చకముందు కనిపించిన పెరుగుదలను తప్పక తీసివేయాలి.

ఎన్ఏడీపీకి బదులు దాన్ని పోలిన ఎన్ఏడీతోనూ ఇదే పరీక్ష చేయండి, కానీ ఫలితాన్ని ఉన్నదున్నట్టు నమ్మకండి. సారంలోని మాలేట్ డీహైడ్రోజినేజ్ కూడా ఎన్ఏడీహెచ్‌ను పుట్టిస్తుంది. దానికి లోహ అయాన్లు అక్కర్లేదు, మాలిక్ ఎంజైమ్‌కు కావాలి. కనుక లోహం లేకుండా, లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ చేర్చి చూసిన వేగాన్ని తీసివేస్తే తేడా తెలుస్తుంది.

కొవ్వు చేరడం ఆగే వేళకే ఎన్ఏడీపీ ఆధారిత చురుకుదనం కూడా పడిపోతే అది బలమైన సూచన, అయినా నిరూపణ కాదు. పెంటోస్ ఫాస్ఫేట్ మార్గంలో ఎన్ఏడీపీహెచ్‌ను ఇచ్చే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్‌ను అవే నమూనాల్లో కొలిచి పోల్చండి. తర్వాత జన్యువును అధికంగా వ్యక్తీకరింపజేస్తే, ఖాళీ ప్లాస్మిడ్ (ఆ జన్యువు లేని డీఎన్ఏ వలయం) ఉన్న అదే నేపథ్యపు స్ట్రెయిన్‌ను పోలికగా పెట్టండి. మూల స్ట్రెయిన్‌తో మాత్రమే పోల్చితే, ప్లాస్మిడ్‌పై ఉన్న ఎంపిక జన్యువు మూల స్ట్రెయిన్ పోషక లోపాన్ని సరిదిద్దడం వల్ల వచ్చిన తేడాను కూడా ఎంజైమ్ ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉంది.