ఎండాకాలంలో షీట్ ఫిల్మ్ కడిగే ముందు

బరువైన కెమెరా, ట్రైపాడ్ కొండ మీదికి మోసుకెళ్లి, వెలుతురు కోసం గంటలు కాచుకుని తీసిన 4×5 షీట్ (4×5 అంగుళాల విడి ఫిల్మ్ ముక్క) చివరికి ఇంట్లో ట్రేలో పాడైతే చాలా బాధ. ఎండాకాలంలో ఆ ప్రమాదం ఎక్కువ.

ముందు నీళ్ల సంగతి. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌కి (ఫిల్మ్ మీద బొమ్మని తేల్చే ద్రావణం) సాధారణంగా 20 డిగ్రీల దగ్గర సమయం ఇస్తారు. నీళ్లు వేడెక్కితే డెవలపర్ తొందరగా పనిచేస్తుంది, సమయం తగ్గించాల్సి వస్తుంది. అది 5 నిమిషాల లోపుకి పడిపోతే ఆకాశం లాంటి నున్నటి చోట్ల చారలు, మచ్చలు తేలతాయి. ఐస్ ముక్కలు డెవలపర్‌లోనే వేయకండి, పలచబడిపోతుంది. ట్రేని పెద్ద బేసిన్‌లో పెట్టి, చుట్టూ ఉన్న నీళ్లలో ఐస్ వేయండి. అంత చల్లబరచడం కుదరకపోతే ఫిల్మ్ కంపెనీ చార్ట్ చూసి 24 డిగ్రీల సమయంతో కడగండి.

చాలామంది మర్చిపోయేది ఆఖరి కడుగుడు నీళ్లు. నేనూ మర్చిపోయాను. డెవలపర్, ఫిక్సర్ (తేలిన బొమ్మని నిలిపే ద్రావణం) చల్లగా ఉంచి, వేడెక్కిన కుళాయి నీళ్ల కింద పెట్టేసరికి ఎమల్షన్ (ఫిల్మ్ మీద బొమ్మ పడే పూత) ఉబ్బి మెత్తబడింది. పక్క షీట్ మూల తగిలి కొండ అంచు మీదుగా గీత పడింది. ఆ నెగటివ్ ఇప్పటికీ దాచుకున్నాను. అందుకే స్టాప్ (డెవలపర్ పనిని ఆపే ద్రావణం), ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ డెవలపర్‌కి ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్ పెట్టెని వెంటనే తెరవొద్దు, లోపల తేమ పడుతుంది. రెండు మూడు గంటలు ఆగండి. షీట్లు లోడ్ చేసిన హోల్డర్లను (కెమెరాలో షీట్‌ని పట్టి ఉంచే చట్రాలు) ఎండలో ఆగిన కారులో వదలకండి.

గది చీకటి చేశాక పది నిమిషాలు ఊరికే కూర్చోండి. తలుపు కింద సందు అప్పుడే కనబడుతుంది. ఫోన్, స్మార్ట్ వాచ్ బయటే ఉండాలి. షీట్ నిలువుగా పట్టుకున్నప్పుడు దాని అంచున ఉండే గాటు పైన కుడి మూల వేలికి తగిలితే ఎమల్షన్ మీ వైపు ఉన్నట్టు. మూసిన గదిలో చెమట చుక్క ఫిల్మ్ మీద పడుతుంది, పక్కన పొడి తువ్వాలు పెట్టుకోండి.

కడిగే రసాయనాల విషయంలో మొహమాటం వద్దు. గ్లవ్స్ తప్పనిసరి, కొన్ని డెవలపర్లలో ఉండే మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. వంటగిన్నెలు వాడకండి. ఫిక్సర్ ఘాటు తలకెక్కుతుంది, ఫిక్సింగ్ పూర్తయ్యాక తలుపు తెరిచి గాలి ఆడనివ్వండి. వాడిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, మొక్కలకు పోయకుండా డబ్బాలో పట్టి ఉంచండి.

ఒకే దృశ్యానికి రెండు షీట్లు తీసి ఉంటే ముందు ఒక్కటే కడగండి. అది ఆరాక చూసుకుని రెండోది ముట్టుకోండి.