రాగి కండెన్సర్ జాయింట్ కారుతోందా? సోల్డరింగ్ సరిచేసుకోవడం ఎలా

ఇంట్లోనే రోజ్ వాటర్ తీద్దామని రాగి పైపులతో కండెన్సర్ చేసుకున్నారు. లోపలి పైపులో ఆవిరి, దాని చుట్టూ ఉన్న లావు పైపులో చల్లనీళ్లు. తీరా నీళ్లు వదిలితే జాయింట్ దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. అప్పుడు అందరం చేసే పని ఒకటే, కారే చోట పైపైన ఇంకాస్త సోల్డర్ (కరిగించి అతుకు వేసే లోహపు తీగ) పూయడం. అది నిలవదు. సందులో తడి, మాడిన పేస్టు (సోల్డర్ రాగిని పట్టుకోవడానికి ముందుగా రాసే ఫ్లక్స్) అలాగే ఉంటే కొత్త సోల్డర్‌కు రాగి ఎక్కడ దొరుకుతుంది?

మొదట నీళ్లన్నీ వంచేసి, ఊది, పైపు ఆరబెట్టండి. లోపల గుక్కెడు నీళ్లున్నా ఆ చోటు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, సీసం లేని సోల్డర్ కరగాలంటేనేమో 220 డిగ్రీలు దాటాలి. పైపు కొసలు తెరిచే ఉంచండి. మూసేస్తే లోపల వేడెక్కిన గాలి కరిగిన సోల్డర్‌ను తోసుకుని వచ్చి సూది బెజ్జం చేసి పోతుంది.

ఇప్పుడు జాయింట్‌ను దగ్గరగా చూడండి. సోల్డర్ పూసల్లా ఉండలు కట్టి జారిపోయిందంటే రాగి శుభ్రంగా లేదు, లేదా పైపు వేడెక్కలేదు. చుట్టూ నల్లగా మాడి ఉంటే మంట ఎక్కువసేపు పెట్టారు, పేస్టు కాలిపోయింది. ఒకవైపు మెరుస్తూ రెండోవైపు ఖాళీగా ఉంటే గ్యాస్ టార్చ్ మంట ఒకవైపే పట్టుకున్నారు. బీటలు కనిపిస్తే గట్టిపడేలోపు ఎవరో కదిలించారు (మా ఇంట్లో అయితే అది నేనే, ఆత్రం ఆగక).

నా మొదటి జాయింట్ పాడు చేసింది గాలి. అనంతపురంలో ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో తెలిసి కూడా మిద్దె మీద కూర్చున్నాను. మంట పక్కకు పోతోంది, పైపు వేడెక్కడం లేదు, నేను విసుగొచ్చి సోల్డర్ తీగను నేరుగా మంటలో పెట్టి కరిగించి బొట్లు రాల్చాను. పక్కింటి ఏసీ మెకానిక్ చూసి, "తీగను కరిగించాల్సింది మంట కాదప్పా, పైపు" అన్నాడు. గోడ చాటుకు వచ్చి చేస్తే రెండు నిమిషాల పని.

మళ్లీ చేసేటప్పుడు పాత జాయింట్‌కు పేస్టు రాసి, వేడి చేసి, పట్టకారుతో లాగి విడదీయండి. వేడి మీదే పాత సోల్డర్‌ను గుడ్డతో తుడిచేయండి, చేతికి తోలు గ్లౌజు ఉండాలి. చల్లారాక పైపు బయట, ఫిటింగ్ (పైపు దూరే జోడింపు ముక్క) లోపల ఎమరీ పేపర్‌తో కొత్త రాగి చెంబులా మెరిసేదాకా రుద్దండి, ఆ తర్వాత వేలు తగలనివ్వొద్దు, చేతి జిడ్డు చాలు చెడగొట్టడానికి. పేస్టు పలుచగా రాసి, పైపును చివరిదాకా దూర్చి, మంటను ఫిటింగ్ మీద చుట్టూ తిప్పుతూ ఉండండి. మధ్యమధ్యలో మంట తీసి, తీగను మంటకు ఎదురువైపు ఆనించి చూడండి. కరిగితే సందు దానంతట అదే సోల్డర్‌ను లోపలికి పీల్చుకుంటుంది. అంచు చుట్టూ సన్నటి వెండి గీత కనబడగానే ఆపండి. పక్కనే ఇంకో జాయింట్ ఉంటే దానికి తడిగుడ్డ చుట్టండి, లేదంటే ఇది అతికేలోపు అది ఊడుతుంది. నీళ్లు చల్లి చల్లార్చొద్దు.

ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే మామూలు తీగలో సాధారణంగా సీసం ఉంటుంది. ముఖానికి రాసుకునే నీళ్లకు అది పనికిరాదు, సీసం లేనిదే అడిగి తీసుకోండి. పేస్టు మరకలను వేడినీళ్లతో కడగకపోతే కొన్నాళ్లకు పచ్చగా కిలుము పడుతుంది.

చివరగా, పొయ్యి వెలిగించకుండా చల్లనీళ్లు మాత్రమే అరగంట వదలండి. జాయింట్ చుట్టూ పొడి కాగితం చుడితే చిన్న చెమ్మ కూడా తెలుస్తుంది. బయటంతా పొడిగా ఉండి, రోజ్ వాటర్ రావాల్సిన కొస నుంచి చుక్క పడుతోందంటే లోపలి పైపులోనే అతుకు పోయినట్టు. దాన్ని అతికిస్తూ కూర్చోకుండా అతుకు లేని ఒకే పైపు ముక్క వేసేయండి.