ఇంగ్లిష్ రావాలంటే ముందు పైకి మాట్లాడండి

మాది దేవరకొండ దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. డిగ్రీకి నల్గొండ వచ్చాక కూడా ఎవరైనా ఇంగ్లిష్‌లో పేరు అడిగితే గొంతు ఎండిపోయేది. గ్రామర్ పుస్తకం రెండుసార్లు చదివినా మాట రాలేదు, ఎందుకంటే ఒక్కసారి కూడా పైకి మాట్లాడి చూడలేదు.

అందుకే రోజూ 10 నిమిషాలు పైకి మాట్లాడండి. నేను క్లాక్ టవర్ దాటి హాస్టల్‌కి నడుస్తూ ఆ రోజు జరిగిందంతా ఫోన్‌లో చెప్పి రికార్డు చేసుకుని, రాత్రి వినేదాన్ని. వింటేనే తప్పులు తెలుస్తాయి.

మనం ఎక్కువగా తడబడేది ప్రశ్న దగ్గరే. తెలుగులో ‘వచ్చాడు’ చివర దీర్ఘం తీస్తే ‘వచ్చాడా?’ అయిపోతుంది, ఇంగ్లిష్‌లో అలా కుదరదు, ‘డిడ్ హి కమ్?’ అనాలి, ‘డిడ్’ వచ్చాక ‘కేమ్’ రాకూడదు. దీని మీదే వారం కూర్చున్నాను, రోజుకు 20 ప్రశ్నలు.

తోడుగా ఒకరిని పెట్టుకోండి, కానీ తప్పులు మధ్యలో కాదు, మాట పూర్తయ్యాకే చెప్పమనండి. నా రూమ్మేట్ అలాగే చేసింది, నా టెన్షన్ సగం అక్కడే పోయింది.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ‘కుడ్ యు రిపీట్ దట్, ప్లీజ్?’ అనేది నోటికి వచ్చేలా చేసుకోండి. ప్రశ్న అర్థం కానప్పుడు ఆలోచించుకోవడానికి కాస్త టైమ్ దొరుకుతుంది.